ఒకే డ్రైవరా, క్రాస్ఓవర్‌తో రెండా: ఇంటి స్పీకర్ ఎంచుకుని కట్టుకునేవారికి సమగ్ర మార్గదర్శి

పెట్టెలో ఎన్ని డ్రైవర్లు (కోన్ ఊగుతూ ధ్వని పుట్టించే భాగాలు) ఉన్నాయో లెక్కపెట్టి స్పీకర్ మంచిచెడ్డలు తేల్చే అలవాటు మన దుకాణాల్లో పాతుకుపోయింది. రెండుంటే మంచిదని, మూడుంటే ఇంకా మంచిదని, నాలుగుంటే ఇక తిరుగులేదని చెప్పి అమ్ముతారు. దీనికి పూర్తిగా ఎదురు నిలిచే పక్షం కూడా ఉంది. ధ్వని అంతా ఒకే కోన్ నుంచి రావాలని, మధ్యలో క్రాస్ఓవర్, అంటే పాటను మంద్రంగా తారంగా విడదీసి డ్రైవర్లకు పంచే సర్క్యూట్, చొరబడితే పాటలో ప్రాణం పోతుందని వారి నమ్మకం. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. రెండింటినీ గుడ్డిగా నమ్మి డబ్బు పోసినవారూ ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒకే డ్రైవర్ పెట్టినంత మాత్రాన చిక్కులు తొలగిపోవు, చోటు మారతాయి. రెండు డ్రైవర్లు పెట్టినంత మాత్రాన నాణ్యత రాదు, వాటిని కలిపే క్రాస్ఓవర్‌ను ఎంత ఓపికగా కుదిర్చారన్న దాన్నిబట్టి వస్తుంది. మీ గదిలో, మీరు వినే సంగీతానికి, మీరు పెట్టుకునే వాల్యూమ్‌కు ఏ పద్ధతి లోపాలు తక్కువగా వినపడతాయో అదే మీకు సరైనది. ఆ ఎంపిక దగ్గర మొదలుపెట్టి చేతులతో కట్టుకోవడం దాకా వెళ్దాం. టంకం వేయడం, మల్టీమీటర్ పట్టుకోవడం వస్తే చాలు.

ముందుగా: ఒక్క కోన్ మీద పడే భారం

మనిషి చెవికి వినపడే మేర 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 20 హెర్ట్జ్ తరంగం పొడవు 17 మీటర్లు, 20,000 హెర్ట్జ్ తరంగం పొడవు 1.7 సెంటీమీటర్లు. ఈ రెండింటినీ ఒకే కాగితపు కోన్ పలికించాలని అడగడమే ఒకే డ్రైవర్ పద్ధతి.

మంద్రానికి గాలి ఎక్కువగా కదలాలి. అంతే బిగ్గరగా ఒక స్థాయి కిందికి, అంటే సగం పౌనఃపున్యానికి దిగాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. నాలుగు అంగుళాల డ్రైవర్‌ను తీసుకోండి. కోన్ వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు, ఒక్కో వైపుకు హాయిగా ఊగగలిగేది 3 మిల్లీమీటర్లు అనుకుందాం. అది 100 హెర్ట్జ్ దగ్గర ఒక మీటరు దూరంలో సుమారు 92 డెసిబెల్స్ ఇవ్వగలదు. అదే డ్రైవర్ 50 హెర్ట్జ్ దగ్గర 80 డెసిబెల్స్‌తో ఆగిపోతుంది. ఎంత పెద్ద ఆంప్లిఫయర్ తగిలించినా ఈ అంకె మారదు, కోన్ కదిలే చోటే అంత. 220 చదరపు సెంటీమీటర్ల కోన్ ఉండి 6 మిల్లీమీటర్లు ఊగే ఎనిమిది అంగుళాల వూఫర్ (మంద్రం కోసం వాడే పెద్ద డ్రైవర్) అదే 50 హెర్ట్జ్ దగ్గర 99 డెసిబెల్స్ దాకా వెళ్తుంది.

తారస్థాయిలో చిక్కు వేరు. తరంగం పొడవు కోన్ వ్యాసానికి దగ్గరవుతున్నకొద్దీ ధ్వని గదంతా పరుచుకోవడం మాని టార్చిలైటు వెలుగులా ముందుకే దూసుకుపోతుంది. ఎనిమిది అంగుళాల డ్రైవర్‌లో నిజంగా పలికే కోన్ వ్యాసం 16.5 సెంటీమీటర్లు ఉంటే, ఇది సుమారు 2,100 హెర్ట్జ్ దగ్గరే స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు అంగుళాల దానిలో 4,300 దగ్గర, తారస్థాయికే వాడే ఒక అంగుళం డోమ్ (గుమ్మటం ఆకారపు) ట్వీటర్‌లో 13,700 దగ్గర. అందుకే పెద్ద ఫుల్‌రేంజ్ డ్రైవర్ (మొత్తం మేరను ఒక్కటే పలికించేది) ఎదురుగా కూర్చున్నవారికి తాళాల మెరుపు చెవికి గుచ్చుకుంటుంది, పక్క కుర్చీలో ఉన్నవారికి అసలు అందదు.

మూడో చిక్కును చాలామంది పట్టించుకోరు. మంద్రానికి కోన్ అటూ ఇటూ పెద్దగా ఊగుతున్నప్పుడు దాని మీదే గాత్రం కూడా సవారీ చేస్తోంది. మృదంగం తొప్పి మోగినప్పుడల్లా తంబూరా శ్రుతి కొద్దిగా చెదిరినట్టు, గొంతు బొంగురుపోయినట్టు అనిపిస్తే కారణం ఇదే. వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడు ఇది దాదాపు ఉండదు. పెంచినకొద్దీ పెరుగుతుంది.

ఇన్ని ఉన్నా ఒకే డ్రైవర్‌ను ప్రేమించేవారు ఎందుకున్నారు? మన చెవి అత్యంత సున్నితంగా ఉండేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య. సాధారణ రెండు డ్రైవర్ల స్పీకర్‌లో వూఫర్ నుంచి ట్వీటర్‌కు పాట చేతులు మారేది సరిగ్గా అక్కడే. గాయని పలికిన ఒక 'శ'కారం సగం కాగితపు కోన్ నుంచి, సగం పట్టు డోమ్ నుంచి, 14 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు చోట్ల నుంచి వస్తుంది. కుదిరితే తెలియదు, కుదరకపోతే దాచలేం. ఒకే డ్రైవర్‌లో ఆ అతుకే లేదు. గొంతు మొత్తం ఒక బిందువు నుంచి వస్తుంది. గాత్ర ప్రధానమైన మన సంగీతానికి ఇది చిన్న లాభం కాదు.

రెండు పద్ధతులకూ గొప్ప వంశవృక్షాలున్నాయి. కాయిల్ కదిలే నేటి లౌడ్‌స్పీకర్‌ను జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ 1925లో వివరించారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో పాల్ వాయిట్ పెద్ద కోన్ మధ్య చిన్న కోన్ అతికించి, ఒకే కాయిల్‌తో తారస్థాయిని మరింత పైకి సాగదీశాడు. ఆయన పని నుంచే లోథర్ డ్రైవర్లు వచ్చాయి. మరోవైపు బీబీసీ ఇంజనీర్లు 1970ల ఆరంభంలో బయటి ప్రసారాల వ్యాన్ల కోసం తయారుచేసిన ఎల్‌ఎస్3/5ఎ అనే స్పీకర్ ఉంది. కెఫ్ కంపెనీవి రెండే డ్రైవర్లు, ఒక ఐదు అంగుళాల బి110, ఒక 19 మిల్లీమీటర్ల టి27. పెట్టె చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దది. కానీ లోపల ఉన్న క్రాస్ఓవర్‌లో వరుసగా కాయిల్స్, కెపాసిటర్లు, రెసిస్టర్లు. ఆ డ్రైవర్లలో ఉన్న ప్రతి చిన్న ఎగుడుదిగుడునూ సరిచేయడానికి ఒక్కో భాగం. ఆ స్పీకర్‌లో గొంతు అంత సహజంగా రావడానికి కారణం డ్రైవర్ల సంఖ్య కాదు, ఆ బోర్డు మీద పెట్టిన శ్రమ.

మొదటి అడుగు: గది, దూరం, వాల్యూమ్

ఏమీ కొనకముందే ఒక టేపు తీసుకుని మీరు కూర్చునే చోటి నుంచి స్పీకర్ పెట్టబోయే చోటికి దూరం కొలవండి. ఫోన్లో ఏదైనా ధ్వని కొలిచే యాప్ పెట్టుకుని, మీరు మామూలుగా పాట వినే వాల్యూమ్ దగ్గర ఎన్ని డెసిబెల్స్ చూపిస్తోందో గమనించండి. ఫోన్ అంకె కచ్చితంగా ఉండదు గానీ, 70 దగ్గర వింటున్నారో 85 దగ్గర వింటున్నారో తెలిసిపోతుంది.

రెండు మీటర్ల లోపు కూర్చుని, సగటున 75 డెసిబెల్స్ దాటకుండా, ఎక్కువగా గాత్రం, వీణ, వేణువు, పాత సినిమా పాటలు వినేవారికి ఒక మంచి మూడు లేదా నాలుగు అంగుళాల ఫుల్‌రేంజ్ డ్రైవర్ హాయిగా సరిపోతుంది. 1950లు, 60ల నాటి ఘంటసాల పాటలు మోనోలో, పరిమితమైన పౌనఃపున్య మేరలో రికార్డు అయ్యాయి. వాటిలో 60 హెర్ట్జ్ కింద వెతకడానికి పెద్దగా ఏమీ లేదు. ఉన్నదంతా ఒకే డ్రైవర్ అద్భుతంగా పలికే మధ్యస్థాయిలోనే ఉంది.

హాలు పెద్దదై, మూడున్నర నాలుగు మీటర్ల దూరంలో నలుగురు కూర్చుని, కొత్త సినిమా పాటల బేస్, డప్పుల దరువు, సినిమా కూడా కావాలంటే ఒకే డ్రైవర్ మీద ఆశలు పెట్టుకోవద్దు. రెండు డ్రైవర్లు లేదా చివర్లో చెప్పబోయే మధ్యేమార్గం చూడండి. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూర్చుని వినే ఇంట్లో కూడా అంతే, పక్క కోణాల్లో తారస్థాయి సరిగ్గా అందాలంటే చిన్న ట్వీటర్ ఉండాల్సిందే.

రెండో అడుగు: డేటాషీట్ చదవడం

డ్రైవర్‌తో వచ్చే పట్టికలో నాలుగైదు అంకెలు చూస్తే చాలు. ఎఫ్ఎస్ అంటే డ్రైవర్ సహజ అనునాద పౌనఃపున్యం, కోన్ తనంతట తాను ఊగడానికి ఇష్టపడే చోటు. క్యూటీఎస్ దాని మీద ఉన్న కళ్లెం, అంటే కోన్ ఎంత త్వరగా ఆగుతుందన్నది. వీఏఎస్ దాని సస్పెన్షన్‌కు సమానమైన గాలి ఘనపరిమాణం. ఎక్స్‌మాక్స్ కోన్ ఒక వైపుకు సక్రమంగా ఊగగలిగే దూరం. ఇక సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. ఈ లెక్కలకు పునాది వేసింది ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, 1961లో. తర్వాత రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. వారిద్దరి పేర్ల మీదే వీటిని థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు.

ఈ అంకెలు లేని డ్రైవర్‌ను, ఎంత చవకైనా, ఎంత బరువైన అయస్కాంతం చూపించినా కొనకండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ వీధిలోనో తిరిగితే అందమైన డ్రైవర్లు బోలెడు కనిపిస్తాయి. పట్టిక అడగండి. పట్టిక లేకపోతే పెట్టె ఎంత ఉండాలో లెక్కించే దారే లేదు.

మూడో అడుగు: ఒకే డ్రైవర్ స్పీకర్ కట్టడం

ఉదాహరణకు ఎఫ్ఎస్ 80 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 6 లీటర్లు ఉన్న నాలుగు అంగుళాల ఫుల్‌రేంజ్ తీసుకుందాం. మూసిన పెట్టెలో మొత్తం క్యూ (పెట్టెలో బిగించాక డ్రైవర్ మీద ఉండే కళ్లెం) 0.707 వచ్చేలా చేస్తే మంద్రం ఉబ్బకుండా సాఫీగా దిగుతుంది. 0.707ను 0.5తో భాగించి వర్గం చేస్తే 2, అందులోంచి 1 తీస్తే 1. వీఏఎస్‌ను ఆ 1తో భాగిస్తే పెట్టె పరిమాణం 6 లీటర్లు. 80ని 1.414తో గుణిస్తే 113. అంటే 113 హెర్ట్జ్ దగ్గర ధ్వని 3 డెసిబెల్స్ తగ్గి, అక్కడి నుంచి నెమ్మదిగా జారిపోతుంది. ఇంకా కిందికి వెళ్లాలంటే గొట్టం పెట్టిన పెట్టె కావాలి. దాని లెక్క విన్ ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. క్యూటీఎస్ 0.2, 0.3 ఉండే లోథర్, ఫోస్టెక్స్ తరహా డ్రైవర్లకు వెనుక హార్న్ పెట్టెలు (కోన్ వెనుక ధ్వనిని బాకాలా విచ్చుకునే దారిలో బయటికి పంపేవి) నప్పుతాయి గానీ, వడ్రంగం పని చాలా పెద్దది. మొదటిసారికి మూసిన పెట్టే మేలు.

పెట్టెకు 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ బాగా కుదురుతుంది. కోస్తా జిల్లాల తేమలో, వానాకాలంలో అంచులు ఉబ్బే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడివారు బీడబ్ల్యూపీ గ్రేడు (మరిగే నీటిని తట్టుకునే) ప్లైవుడ్ వాడటం మంచిది. ఒక చిన్న విషయం మీద శ్రద్ధ పెట్టండి. 18 మిల్లీమీటర్ల పలకకు నాలుగు అంగుళాల డ్రైవర్ కోసం రంధ్రం కోస్తే, కోన్ వెనుక గాలి ఒక ఇరుకు గొట్టంలో ఇరుక్కుంటుంది. రంధ్రం లోపలి అంచును 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కించండి, స్క్రూలు పట్టే చోట మాత్రం చెక్క వదిలేయండి. ఈ పనికి వడ్రంగికి పావుగంట పడుతుంది, గొంతులోని ముక్కు ధ్వని గణనీయంగా తగ్గుతుంది. లోపల దిండ్లలో నింపే పాలిస్టర్ దూది వదులుగా పరచండి. డ్రైవర్ కింద సన్నని స్పాంజి టేపు అంటించి బిగించండి. తర్వాత కోన్‌ను వేళ్లతో మెల్లగా, సమంగా నొక్కి వదలండి. పెట్టె గాలి చొరకుండా ఉంటే కోన్ వెనక్కి రావడంలో కొద్దిపాటి ఆలస్యం తెలుస్తుంది. ఫట్టున వచ్చేస్తే ఎక్కడో కారుతోందన్నమాట.

ఇప్పుడు ఒకే డ్రైవర్ అభిమానులు చాలామంది ఒప్పుకోవడానికి ఇష్టపడని విషయం. క్రాస్ఓవర్ లేకపోయినా చిన్న సర్క్యూట్ మాత్రం కావాలి. పై స్వరాలు పెట్టె ముందు పలకకు తగిలి ముందుకే వస్తాయి. కింది స్వరాల తరంగాలు పలక కంటే పొడవైనవి కాబట్టి పెట్టెను చుట్టి వెనక్కి కూడా పోతాయి. దీనివల్ల సిద్ధాంతపరంగా 6 డెసిబెల్స్ తేడా వస్తుంది. ఈ మార్పు జరిగే చోటును 115ను పలక వెడల్పుతో భాగించి అంచనా వేయవచ్చు. 20 సెంటీమీటర్ల పలకకు, అంటే 0.2 మీటర్లకు, 575 హెర్ట్జ్. దీన్ని సరిచేయకపోతే గొంతు పలచగా, గాజు పలక మీద గీసినట్టు పైపైన వినపడుతుంది. 'ఫుల్‌రేంజ్ స్పీకర్లు అరుస్తాయి' అనే అపవాదులో చాలా భాగం దీనిదే.

మందు చాలా తేలిక. ఒక 1 మిల్లీహెన్రీ కాయిల్, ఒక 4.7 ఓమ్ 10 వాట్ల రెసిస్టర్ పక్కపక్కన సమాంతరంగా కలిపి, ఆ జంటను డ్రైవర్‌కు వెళ్లే పాజిటివ్ తీగలో వరుసగా పెట్టండి. 8 ఓమ్ డ్రైవర్‌లో ఇది పై స్వరాలను సుమారు 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది, మార్పు మధ్యబిందువు 600 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. పూర్తి 6 డెసిబెల్స్ తగ్గించకపోవడానికి కారణం గది గోడలు మంద్రానికి కొంత సాయం చేయడమే. స్పీకర్‌ను గోడకు ఆనించి అలమారలో పెట్టేవారికి 2.2 ఓమ్ రెసిస్టర్‌తో 2 డెసిబెల్స్ సరిపోవచ్చు.

దీనికి ఒక మూల్యం ఉంది. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ 83కు పడిపోతుంది. 3 వాట్ల వాల్వ్ ఆంప్లిఫయర్‌తో అప్పుడు ఒక మీటరు దూరంలో 88 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతారు. 30 వాట్ల మామూలు ఆంప్లిఫయర్ అయితే 98 దాకా అందుతుంది. చిన్న ఫుల్‌రేంజ్‌ను చిన్న వాల్వ్ ఆంప్లిఫయర్‌తో జతచేయాలన్న ఆరాటాన్ని ఈ లెక్క చూశాక మరోసారి ఆలోచించుకోండి.

కొన్ని డ్రైవర్లు 3,000 హెర్ట్జ్ దగ్గర గట్టుకట్టినట్టు ఎగసిపడతాయి. దానికి 0.3 మిల్లీహెన్రీ కాయిల్, 9.4 మైక్రోఫారడ్ కెపాసిటర్ (4.7వి రెండు), 4.7 ఓమ్ రెసిస్టర్, మూడింటినీ సమాంతరంగా కలిపి డ్రైవర్‌కు వరుసలో పెడితే ఆ ఒక్క చోటే 4 డెసిబెల్స్ అణుగుతుంది. ముందు కొలిచి, గట్టు నిజంగా ఉందని తేలాకే పెట్టండి.

చివరగా స్పీకర్లను నేరుగా చెవుల వైపు తిప్పకుండా 10, 15 డిగ్రీలు పక్కకు తిప్పి చూడండి. చాలా ఫుల్‌రేంజ్ డ్రైవర్లను ఆ కోణంలో వింటేనే తారస్థాయి సమంగా ఉంటుంది.

నాలుగో అడుగు: రెండు డ్రైవర్లు, ఒక క్రాస్ఓవర్

ఇక్కడ నెమ్మదిగా వెళ్లాలి. ఎందుకంటే ఇంట్లో కట్టిన రెండు డ్రైవర్ల స్పీకర్లు నిరాశపరచడానికి దాదాపు ప్రతిసారీ ఇదే కారణం: బజారులో దొరికే రెడీమేడ్ క్రాస్ఓవర్ బోర్డు కొని తగిలించేయడం. '3,000 హెర్ట్జ్, 8 ఓమ్స్' అని రాసి ఉంటుంది. ఆ బోర్డు చేసినవారికి మీ డ్రైవర్ల గురించి, మీ పెట్టె గురించి ఏమీ తెలియదు. అలాంటి బోర్డు కంటే శ్రద్ధగా సరిచేసిన ఒకే డ్రైవర్ నూరుపాళ్లు మేలు.

మొదట పాట చేతులు మారే చోటు ఎంచుకోవాలి. కింది హద్దును ట్వీటర్ చెబుతుంది. దాని ఎఫ్ఎస్‌కు కనీసం రెండింతల పైన ఉండాలి. ఎఫ్ఎస్ 1,000 హెర్ట్జ్ అయితే 2,000 కింద వాడితే అది బిగ్గరగా ఉన్నప్పుడు గీరుకుంటుంది, కాలిపోనూవచ్చు. పై హద్దు వూఫర్ చెబుతుంది. ఐదు అంగుళాల వూఫర్ కోన్ వ్యాసం 10.5 సెంటీమీటర్లు ఉంటే 3,300 హెర్ట్జ్ లోపే దాన్ని ఆపేయాలి. ఈ రెంటి మధ్య 2,500 హెర్ట్జ్ సుఖంగా కుదురుతుంది.

ఆ 2,500 హెర్ట్జ్ తరంగం పొడవు 13.7 సెంటీమీటర్లు. రెండు డ్రైవర్ల మధ్యబిందువుల ఎడం దీన్ని మించకుండా చూడండి. ట్వీటర్‌ను వూఫర్ పైనే, ఒకే నిలువు గీతలో పెట్టండి. ఎడం పెరిగినా, స్పీకర్‌ను అడ్డంగా పడుకోబెట్టినా రెండు ధ్వనులు కొన్ని కోణాల్లో కలుస్తాయి, మరికొన్ని కోణాల్లో ఒకదాన్నొకటి చంపుకుంటాయి. లేచి నిలబడితే గొంతు మారిపోయే స్పీకర్లలో ఉన్న లోపం ఇదే.

ఇప్పుడు పుస్తకంలోని సర్క్యూట్. రెండో తరగతి (స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున కోసే) లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్‌కు 8 ఓమ్స్, 2,500 హెర్ట్జ్ దగ్గర 4 మైక్రోఫారడ్ కెపాసిటర్, 1 మిల్లీహెన్రీ కాయిల్ వస్తాయి. ట్వీటర్‌కు కెపాసిటర్ వరుసలో, కాయిల్ సమాంతరంగా. వూఫర్‌కు కాయిల్ వరుసలో, కెపాసిటర్ సమాంతరంగా. ఈ రకంలో ట్వీటర్ తీగలు తిరగేసి కలపాలి. హ్యూలెట్-ప్యాకర్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ కలిసి తేల్చిన ఈ పద్ధతి 1976లో వెలువడింది. రెండు డ్రైవర్లూ చేతులు మారే చోట చెరి 6 డెసిబెల్స్ తగ్గి, కలిస్తే మళ్లీ సమతలంగా నిలుస్తాయి. ఇప్పటికీ దీన్ని మించిన ఆరంభం లేదు.

కానీ ఇది ఆరంభమే. ఈ అంకెలు మూడు కారణాల వల్ల మీ పెట్టెలో ఉన్నదున్నట్టు పనిచేయవు.

ఒకటి, 8 ఓమ్స్ అనేది పేరుకే. 6 ఓమ్స్ డీసీ నిరోధం, 0.8 మిల్లీహెన్రీ కాయిల్ ఉన్న వూఫర్ 2,500 హెర్ట్జ్ దగ్గర సుమారు 14 ఓమ్స్ చూపిస్తుంది. దాన్ని 8 అనుకుని లెక్కవేసిన ఫిల్టర్ సరిగ్గా కోయదు. 7.5 ఓమ్ రెసిస్టర్‌ను, 15 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను వరుసగా కలిపి, ఆ జంటను వూఫర్‌కు సమాంతరంగా పెడితే ఈ పెరుగుదల అణుగుతుంది. దీన్ని జోబెల్ అంటారు. డీసీ నిరోధాన్ని 1.25తో గుణిస్తే రెసిస్టర్ విలువ వస్తుంది. వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్‌ను ఆ విలువ వర్గంతో భాగిస్తే కెపాసిటర్ విలువ వస్తుంది.

రెండు, డ్రైవర్‌కు తనదైన జారుడు ఉంటుంది. ట్వీటర్ ఎఫ్ఎస్ కింద స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున తనంతట తానే పడిపోతుంది. వూఫర్ పైన గరుకుగా దిగుతుంది. మీరు చూడాల్సింది సర్క్యూట్ గీత కాదు, సర్క్యూట్, డ్రైవర్, పెట్టె కలిపి గాలిలో గీసే గీత.

మూడోది అందరూ మరిచేది. ఒకే డ్రైవర్ దగ్గర చెప్పుకున్న పలక ప్రభావం ఇక్కడ కూడా ఉంది. వూఫర్ 87, ట్వీటర్ 91 అని పట్టిక చూసి 4 డెసిబెల్స్ తగ్గించేస్తే స్పీకర్ తప్పకుండా కీచుమంటుంది. వూఫర్ కింది భాగం గదిలో నిజంగా నిలిచేది 84 దగ్గర. దానికి సరిపోయేలా వూఫర్ కాయిల్‌ను 1 నుంచి 1.5, ఒక్కోసారి 2 మిల్లీహెన్రీల దాకా పెంచి మధ్యస్థాయిని దించాలి. ట్వీటర్‌ను 4 కాదు, 7 డెసిబెల్స్ తగ్గించాలి. ట్వీటర్‌కు ముందు 4.7 ఓమ్ రెసిస్టర్ వరుసగా, దాని తర్వాత 6.8 ఓమ్ రెసిస్టర్ సమాంతరంగా పెడితే 7 డెసిబెల్స్ తగ్గుతాయి, ఫిల్టర్‌కు కనిపించే ఇంపిడెన్స్ (పాట సంకేతానికి ఎదురయ్యే మొత్తం నిరోధం) కూడా 8 ఓమ్స్ దగ్గరే ఉంటుంది.

కొలవకుండా ఇవన్నీ కుదరవు. యూఎస్‌బీ కొలత మైకు ఒకటి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే చాలు. ఖరీదైన రెండో కాయిల్ సెట్టు కొనే బదులు ఆ డబ్బు మైకు మీద పెట్టండి. స్పీకర్‌ను గది మధ్యలో, ట్వీటర్ నేల నుంచి ఒక మీటరు ఎత్తులో ఉండేలా నిలపండి. మైకును ట్వీటర్ ఎదురుగా ఒక మీటరు దూరంలో పెట్టండి. నేల మీద తగిలి వచ్చే ప్రతిధ్వని 3.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కొలత కిటికీని, అంటే ఎంతసేపటి ధ్వనిని లెక్కలోకి తీసుకోవాలన్న హద్దును, అంతకు ముందే మూసేస్తే గది ప్రభావం తొలగి, 300 హెర్ట్జ్ పైన స్పీకర్ అసలు స్వభావం కనిపిస్తుంది. మైకును కదపకుండా వూఫర్ ఒక్కటీ, ట్వీటర్ ఒక్కటీ, రెండూ కలిపీ మూడు కొలతలు తీయండి. వాటిని విటుయిక్స్‌క్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, కాయిల్, కెపాసిటర్ విలువలు తెర మీదే మార్చి చూడండి. ఒక్క భాగమూ కొనకుండా ఎన్నో క్రాస్ఓవర్లు ప్రయత్నించవచ్చు.

కుదిరిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. ఇప్పుడున్న ట్వీటర్ తీగలను తిరగేసి మళ్లీ కొలవండి. 2,500 దగ్గర లోతైన, రెండు వైపులా సమానంగా ఉండే గొయ్యి పడితే డ్రైవర్లు ఒకే అడుగులో నడుస్తున్నట్టే. తీగలు యథాస్థానంలో పెట్టేయండి. గొయ్యి లోతు లేకుండానో పక్కకు జరిగో ఉంటే ఇంకా పని మిగిలుంది.

వూఫర్ తీగల్లో ఏది పాజిటివో సందేహముంటే 1.5 వోల్టుల బ్యాటరీని క్షణం తాకించండి. కోన్ ముందుకు వస్తే బ్యాటరీ ప్లస్ తాకిన కొన పాజిటివ్. ట్వీటర్‌కు ఈ పరీక్ష చేయకండి.

భాగాల విషయంలో నాలుగు మాటలు. ధ్రువాలున్న మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వాడకూడదు. ట్వీటర్ వరుసలో పాలీప్రొపిలీన్ పెట్టండి, జోబెల్‌లో చవకైన నాన్‌పోలార్ (ధ్రువాలు లేనివి) చాలు. వూఫర్ కాయిల్ మందపు తీగతో, 0.3 ఓమ్ దరిదాపుల్లో ఉంటే మంద్రం బిగువు చెడదు. రెండు కాయిల్స్‌ను బోర్డు మీద ఎడంగా, ఒకదానికొకటి లంబకోణంలో బిగించండి. లేకపోతే అయస్కాంత క్షేత్రం ద్వారా ఒకదాని పాట మరొకదానిలోకి దూరుతుంది.

ఐదో అడుగు: నాకు అన్నింటికంటే నచ్చే మధ్యేమార్గం

మూడు లేదా నాలుగు అంగుళాల ఫుల్‌రేంజ్‌కు ట్వీటర్ జతచేయకుండా కింద ఒక ఎనిమిది అంగుళాల వూఫర్ జతచేసి, 400 హెర్ట్జ్ దగ్గర చేతులు మార్చండి. గొంతులోని అక్షరాలు, వీణ మీటు, వేణువు ఊపిరి, చెవి సున్నితంగా ఉండే మేర అంతా అతుకు లేకుండా ఒకే కోన్ నుంచి వస్తుంది. పెద్ద ఊపుల భారం వూఫర్ మోస్తుంది కాబట్టి చిన్న కోన్ నిశ్చింతగా పలుకుతుంది. 400 హెర్ట్జ్ తరంగం పొడవు 86 సెంటీమీటర్లు, డ్రైవర్ల మధ్య 20 సెంటీమీటర్ల ఎడం ఉన్నా రెండూ ఒకే చోటి నుంచి వస్తున్నట్టే ప్రవర్తిస్తాయి. 24 సెంటీమీటర్ల వెడల్పు పలకకు పలక ప్రభావం 480 దగ్గర మొదలవుతుంది కాబట్టి, వూఫర్ బిగ్గరతనాన్ని 4 డెసిబెల్స్ పెంచితే ఆ లెక్క కూడా దానంతటదే తీరిపోతుంది.

ఇబ్బందల్లా భాగాలు. 400 హెర్ట్జ్ దగ్గర మొదటి తరగతి ఫిల్టర్‌కే 3.2 మిల్లీహెన్రీ కాయిల్, 50 మైక్రోఫారడ్ కెపాసిటర్ కావాలి. మంచివి కొంటే డ్రైవర్ల ధర దాకా పోతుంది. అందుకే ఇక్కడ డిజిటల్ క్రాస్ఓవర్ వాడటం తెలివైన పని. మినీడీఎస్‌పీ వంటి చిన్న పెట్టె, ప్రతి డ్రైవర్‌కూ ఒక చిన్న ఆంప్లిఫయర్. నాలుగో తరగతి లింక్‌విట్జ్-రైలీ కంప్యూటర్ నుంచి ఎంచుకోవచ్చు, బిగ్గరతనం సరిచేయవచ్చు, ముందున్న డ్రైవర్‌ను ఆలస్యం చేయవచ్చు. ఒక సెంటీమీటరు ఎడానికి 0.029 మిల్లీసెకన్లు. ఇదే పద్ధతిలో ట్వీటర్‌ను నడిపేవారు మాత్రం దాని వరుసలో 33 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి రక్షణగా ఉంచండి. ఆంప్లిఫయర్ ఆన్ చేసినప్పుడు వచ్చే ఒక్క 'ఠప్' చాలు ట్వీటర్ పోవడానికి.

ఆరో అడుగు: చెవితో సరిచూసుకోవడం

ముందుగా పరిచయమైన మాట వినండి, పాట కాదు. ఆకాశవాణి వార్తలు చదివే గొంతు మోనోలో పెట్టి, రెండు స్పీకర్ల సరిగ్గా మధ్య నుంచి ఒక మనిషి మాట్లాడుతున్నట్టు ఉందా చూడండి. గొంతు వెడల్పుగా పరుచుకున్నట్టు ఉంటే రెండు స్పీకర్ల తీగలలో ఒకటి తిరగబడి ఉంటుంది. ఛాతీ నుంచి వస్తున్నట్టు బరువుగా ఉంటే పలక సవరింపు ఎక్కువైంది, ఒకే డ్రైవర్ స్పీకర్‌లో అయితే మూడో అడుగులోని 4.7 ఓమ్‌ను 3.3కు దించండి. సకారాలు, శకారాలు ముందుకు దూకుతుంటే ట్వీటర్ వరుస రెసిస్టర్‌ను ఒక మెట్టు పెంచండి.

తర్వాత తంబూరా ఒక్కటే వినండి. స్వరం మీద స్వరం పేరుకునే ఆ నాదంలో ఏ ఒక్క పౌనఃపున్యం ముందుకొచ్చినా ఈలలా పట్టిస్తుంది. ఆ పైన మృదంగం తోడున్న కచేరీని మీ మామూలు వాల్యూమ్‌లో, మళ్లీ దానికి కొంచెం పైన వినండి. తొప్పి మోగినప్పుడు గాత్రం చెదురుతోందా అన్నది ఇక్కడే తెలుస్తుంది. చెదిరితే అది ఒకే డ్రైవర్ స్పీకర్ హద్దు. వాల్యూమ్ తగ్గించుకోవడమో, ఐదో అడుగులో చెప్పిన వూఫర్ చేర్చుకోవడమో మీ ఇష్టం.

క్రాస్ఓవర్‌ను వెంటనే పెట్టెలో బిగించకండి. పొడవాటి తీగలతో బయటకు తీసి, ఒక చెక్క ముక్క మీద స్క్రూ కనెక్టర్లతో అమర్చి, కొన్ని వారాలు అలాగే వాడండి. ఒక్కసారి ఒక్క భాగమే మార్చండి, మార్చిన ప్రతిసారీ విలువ, తేదీ, ఏమి తేడా వినిపించిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఎడమ కుడి స్పీకర్లలో ఒకటే విలువలు ఉన్నాయని మల్టీమీటర్‌తో సరిచూసుకుని, అప్పుడు టంకం వేసి, కాయిల్స్‌ను వూఫర్ అయస్కాంతానికి దూరంగా ఉండేలా పెట్టె అడుగున బిగించండి.